విమానం మారితే దిగడం మళ్ళీ నేర్చుకోవాలి

(రాయగడలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ప్రాంతంలో చదువుకు చేయూతనివ్వడం ఈరోజు పుట్టిన ఆచారం కాదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళంగా ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో పెద్దవాళ్ళకు తెలుసు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన ఊళ్ళు విశాఖపట్నం జిల్లాలోవే. సరిహద్దు గీత మారినా పిల్లల చదువు గురించిన ఆలోచన మారలేదు. ఆ వరుసలోనే ఈ ట్రస్టు నడుస్తోంది.

నేను గుణుపురం వైపు వాణ్ణి. చాలా ఏళ్ళు చిన్న విమానాలపై శిక్షకుడిగా పనిచేశాను. ఇలాంటి సభలకు ఎప్పుడు వెళ్ళినా పిల్లలు రెండు ప్రశ్నలు అడుగుతారు. పైలట్ కావాలంటే ఏం చదవాలి అన్నది మొదటిది. విమానం నడపడంలో ఏది కష్టం అన్నది రెండోది. మొదటిదానికి చివర్లో జవాబు చెబుతాను. రెండోదే ఈనాటి నా విషయం. ఎగరడం కష్టం కాదు, దిగడం కష్టం. అందులోనూ ఒక విమానంలో దిగడం బాగా వచ్చాక ఇంకో రకం విమానంలోకి మారినప్పుడు దిగడం మరీ కష్టం. మన పెద్దలు 'అలవాటులో పొరపాటు' అంటారు చూడండి, సరిగ్గా అదే ఇక్కడ జరుగుతుంది.

2022లో భువనేశ్వర్ నుంచి మన జయపురానికి ఇండియావన్ ఎయిర్ సంస్థ తొమ్మిది మంది ప్రయాణికులు పట్టే విమానాన్ని మొదలుపెట్టినప్పుడు మీలో కొందరు చూసే ఉంటారు. ముందు ఒకే ప్రొపెల్లర్, పైన పొడవాటి రెక్క, కింద కదలని చక్రాలు. అది సెస్నా గ్రాండ్ క్యారవాన్. అలాంటి విమానం నడిపే పైలట్ మొదటి రోజే దాన్ని పట్టుకోడు. ఎక్కడో ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఇద్దరు కూర్చునే చిన్న విమానంలో మొదలుపెడతాడు. తరువాత నాలుగు సీట్లది, ఆ తరువాత ఇంకా పెద్దది. మన దేశంలో లైసెన్సు ఉన్నంత మాత్రాన ప్రతి విమానమూ నడపడానికి వీలు లేదు. ఏ రకం విమానమో ఆ రకం లైసెన్సు మీద నమోదు కావాలి. ఆ నియమం వెనుక ఉన్న కారణమేమిటో చెబుతాను.

ముందుగా దిగడం అంటే ఏమిటో చూద్దాం. విమానం రెక్క మీదుగా గాలి తగినంత వేగంతో పారుతున్నంతసేపే అది విమానాన్ని మోస్తుంది. వేగం తగ్గేకొద్దీ ముక్కు ఇంకా పైకెత్తి మోయించాలి. ఒక హద్దు దాటాక గాలి రెక్కను అంటిపెట్టుకుని పారదు, విడిపోతుంది. రెక్క మోయడం మానేస్తుంది. దీన్నే స్టాల్ అంటారు. స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడం అనుకుంటారు చాలామంది. కాదు, అది రెక్కకు సంబంధించిన విషయం.

దిగేటప్పుడు పైలట్ చేసేది ఇది. రన్‌వే వైపు ఒక స్థిరమైన ఏటవాలులో, స్టాల్ వేగానికి దాదాపు 1.3 రెట్ల వేగంతో వస్తాడు. నేలకు దగ్గరయ్యాక ముక్కును మెల్లగా పైకెత్తి దిగుడును ఆపుతాడు. దీన్ని ఫ్లేర్ అంటారు. విమానం నేలకు అడుగో రెండడుగులో ఎత్తులో సాగుతూ ఉన్న వేగాన్ని ఖర్చు చేసుకుని, వెనుక రెండు చక్రాల మీద కూర్చుంటుంది. ఆ తరువాత ముక్కుచక్రం నెమ్మదిగా ఆనుతుంది. ముందు ముక్కుచక్రం తగలకూడదు. అది వెనుక చక్రాలంత బలమైనది కాదు.

ఇప్పుడు మూడు విమానాల లెక్కలు చెబుతాను. పిల్లలు రాసుకోవచ్చు. సెస్నా 152 రెండు సీట్లది. గరిష్ఠ బరువు 757 కిలోలు, ఇంజను 110 గుర్రాల శక్తి. ఫ్లాప్స్ పూర్తిగా దించి వచ్చేటప్పుడు వేగం 55 నుంచి 65 నాట్లు. సెస్నా 172ఎస్ నాలుగు సీట్లది. 1,157 కిలోలు, 180 గుర్రాలు, వేగం 60 నుంచి 70 నాట్లు. గ్రాండ్ క్యారవాన్ ఈఎక్స్ 3,995 కిలోలు, 867 గుర్రాలు, వేగం 75 నుంచి 85 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు.

వేగాల్లో తేడా చిన్నదే కదా, 152 నుంచి 172కి ఐదు నాట్లేగా అనిపిస్తుంది. ఆ అభిప్రాయంతోనే చిక్కు మొదలవుతుంది. 152లో నేర్చుకున్న విద్యార్థి 172 ఎక్కగానే 'ఇది పెద్ద విమానం, కాస్త ఎక్కువ వేగం ఉంటే మంచిది' అనుకుంటాడు. 70 నాట్లు పట్టుకుంటాడు. పుస్తకంలో 60 నుంచి 70 అని ఉంది కాబట్టి తప్పు లేదనుకుంటాడు. కానీ పుస్తకంలోని ఆ అంకెలు పూర్తి బరువుకు. సోలోగా వెళ్ళేటప్పుడు పక్క సీటు ఖాళీ, వెనుక సీట్లు ఖాళీ. బరువు 907 కిలోలే ఉందనుకుందాం.

ప్లస్ టూ పిల్లలకు ఇది తేలిక లెక్క. స్టాల్ వేగం బరువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 172ఎస్ పూర్తి బరువుతో, ఫ్లాప్స్ దించి, పరికర దోషం సవరించిన లెక్కలో 48 నాట్ల దగ్గర స్టాల్ అవుతుంది. దాన్ని 1.3తో గుణిస్తే దాదాపు 62. ఇక 907ను 1,157తో భాగిస్తే 0.784. దాని వర్గమూలం 0.885. 62ను దానితో గుణిస్తే 55. అంటే ఆ రోజు ఆ విమానానికి కావలసిన వేగం 55 నాట్లు. మనవాడు వస్తున్నది 70తో. చలనశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుందని మీ ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. 70ని 55తో భాగించి వర్గం చేయండి. 1.62 వస్తుంది. అవసరానికి మించి 62 శాతం శక్తిని మోసుకుని రన్‌వే మీదికి వస్తున్నాడన్నమాట. ఆ శక్తి ఎక్కడికి పోవాలి? విమానం నేలకు ఆనకుండా తేలుతూనే ఉంటుంది. రన్‌వే కరిగిపోతూ ఉంటుంది. విద్యార్థి కంగారుపడి ముక్కు కిందికి తోస్తాడు. ముక్కుచక్రం ముందు తగులుతుంది. విమానం బంతిలా ఎగిరిపడుతుంది.

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కి కోరాపుట్ వచ్చే లారీ డ్రైవర్లను అడగండి. ఖాళీ లారీకి ఒక లెక్క, సరుకు లారీకి ఒక లెక్క. దిగుడులో ఏ మలుపు దగ్గర ఏ గేరు అన్నది బరువును బట్టి మారుతుంది. లారీ అదే, రోడ్డు అదే, డ్రైవరూ అతనే. విమానంలోనూ అంతే. ఒకే విమానంలో బరువు మారితేనే లెక్క మారుతుంటే, విమానమే మారినప్పుడు ఎంత మారుతుందో ఊహించండి.

రెండో విషయం కన్ను. వందసార్లు దిగిన విద్యార్థి అంకెలు చూసి ఫ్లేర్ చేయడు. కంటికి అలవాటైన దృశ్యాన్ని చూసి చేస్తాడు. రన్‌వే ఇంత వెడల్పుగా కనిపిస్తే, అంచులు ఇలా పక్కలకు విచ్చుకుంటే, ఇప్పుడు లాగాలి అని చేయి తనంతట తానే లాగుతుంది. మంచిదే. కానీ ఆ దృశ్యం ఆ సీటు ఎత్తుకు సంబంధించినది. 152లో చక్రాలు నేలను తాకినప్పుడు పైలట్ కన్ను నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. క్యారవాన్‌లో ఎంతో పైన ఉంటుంది. 152 కన్నుతో క్యారవాన్ దించబోతే ఇంకా ఎత్తులోనే ఉన్నాననిపిస్తుంది, ఈలోగా కింద చక్రాలు నేలకు కొట్టుకుంటాయి. పెద్ద విమానం నుంచి చిన్నదానికి వచ్చినవాడికి ఇది తలకిందులవుతుంది. అతను అలవాటైన ఎత్తులోనే ఫ్లేర్ ముగిస్తాడు. చిన్న విమానం నేలకు చాలా పైన వేగం పోగొట్టుకుని దబ్బున పడుతుంది. అందుకే ఎన్నో వేల గంటలు ఎగిరిన పెద్ద పైలట్ కూడా చిన్న విమానంలోకి వచ్చినప్పుడు శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

రన్‌వే వెడల్పు కూడా కంటిని మోసం చేస్తుంది. వెడల్పాటి రన్‌వే మీద నేర్చుకున్నవాడు మన ప్రాంతపు ఎయిర్‌స్ట్రిప్‌ల వంటి సన్నని వాటి మీదికి వస్తే, ఉన్నదానికన్నా ఎత్తులో ఉన్నట్టు తోస్తుంది. తెలియకుండానే కిందికి దిగిపోతాడు. రన్‌వే ఎదురుగా ఎత్తుకు వాలి ఉన్నా అదే మోసం. దీనికి మందు ఒకటే. ఫ్లేర్ మొదలుపెట్టగానే చూపు దగ్గరి నేల మీద నుంచి తీసి రన్‌వే చివరి వైపు పెట్టాలి. ఎత్తు తెలిసేది పక్కచూపులో అంచులు లేచే తీరును బట్టి. ముక్కు ముందు నేలనే చూస్తూ ఉంటే అది గీతలుగా పరుగెత్తుతుంది, ఎత్తు అంచనా అందదు.

మూడో విషయం ఒక్కో విమానం స్వభావం. 152లో దిగేముందు ఇంజను శక్తి పూర్తిగా తీసేసినా నెమ్మదిగా జారుతుంది. అదే అలవాటుతో క్యారవాన్‌లో పైనుండగానే శక్తి తీసేస్తే ప్రొపెల్లర్ రేకులు చదునుగా తిరిగి, ముందు పెద్ద పళ్ళెం అడ్డం పెట్టినట్టు గాలిని ఆపుతాయి. విమానం రాయిలా దిగుతుంది. అందుకని అందులో ఫ్లేర్ వరకు కొంత శక్తి ఉంచుకుని రావడం నేర్పుతారు. ఇక ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్ అకాడమీలో వాడే డైమండ్ డీఏ40 చూడండి. దాని రెక్క కింద ఉంటుంది, పొడవైనది, నున్ననిది. నేలకు దగ్గరైన రెక్క కింద గాలి పరుపులా పనిచేస్తుంది. రెండు మూడు నాట్లు ఎక్కువైనా తేలుతూ పోతుంది. పైగా సెస్నాలో కాళ్ళతో పెడల్ నొక్కితే ముక్కుచక్రం తిరుగుతుంది. డీఏ40లో ముక్కుచక్రం స్వేచ్ఛగా తిరిగేది. నేల మీద నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఒక పక్క బ్రేకు వేసి దారి మార్చాలి.

పెద్దవాళ్ళలో కొందరికి పుష్పక్ విమానం గుర్తుండవచ్చు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు తయారుచేసింది, 1958లో మొదటిసారి ఎగిరింది. మన దేశపు ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం దాని మీదే నేర్చుకుంది. దానికి ముక్కుచక్రం లేదు, తోకచక్రం ఉండేది. అలాంటి విమానంలో బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనుక ఉంటుంది. నేల తాకాక కొంచెం పక్కకు తిరిగినా వెనుక బరువు ఇంకా తిప్పేస్తుంది. ఆగేదాకా కాళ్ళు ఊరుకోకూడదు. ముక్కుచక్రం విమానంలో బరువు ముందుంటుంది కనుక అది తనంతట తాను తిన్నగా సర్దుకుంటుంది. సెస్నా నుంచి తోకచక్రం విమానానికి మారినవాడు నేల తాకగానే పని అయిపోయిందనుకుంటాడు. నిజానికి అక్కడే పని మొదలవుతుంది.

నాలుగో విషయం మన నేలది. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. జయపురం దాదాపు రెండు వేల అడుగులు. అక్కడ వేసవి మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండ అనుకుందాం. ఎత్తు వల్ల, వేడి వల్ల గాలి పలుచబడుతుంది. లెక్క కడితే ఆ గాలి దాదాపు 4,900 అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానం. రెక్కకు కావలసింది పరికరం మీద అదే 60 నాట్లు. కానీ పలుచని గాలిలో పరికరం 60 చూపిస్తున్నప్పుడు విమానం నిజంగా 64, 65 నాట్లతో కదులుతూ ఉంటుంది. ఆగడానికి పట్టే దూరం సుమారు 15 శాతం పెరుగుతుంది. విశాఖ సముద్రతీరంలో నేర్చుకున్నవాడికి ఇక్కడ నేల ఎక్కువ వేగంగా పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. 'వేగం ఎక్కువైంది' అని వేగం తగ్గించబోతాడు. అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఇక్కడ కన్ను మాట వినకూడదు, పరికరం మాట వినాలి. కాస్త ముందు ఫ్లేర్ దగ్గర కన్ను వాడమన్నాను, ఇక్కడ వద్దంటున్నాను. ఏది ఎప్పుడు నమ్మాలో తెలుసుకోవడమే శిక్షణ.

ఇది చిన్న విమానాల ముచ్చటేనా అంటే కాదు. సునాబెడాలో హెచ్‌ఏఎల్ ఇంజన్ల కర్మాగారం 1964 నుంచి ఉంది. మీలో ఎందరో తండ్రులు, తాతలు అక్కడ పనిచేశారు. మిగ్-21 ఇంజన్లు అక్కడే తయారయ్యాయి. ఆ మిగ్-21 నేల తాకే వేగం గంటకు 300 కిలోమీటర్లకు అటూ ఇటూ. మన వాయుసేన కుర్రవాళ్ళు కిరణ్ లాంటి నెమ్మదైన జెట్ శిక్షణ విమానాల నుంచి దాని మీదికి వెళ్ళవలసి వచ్చేది. మధ్యలో ఒక మెట్టు లేదు. ఆ మెట్టు కావాలని, ఆధునిక జెట్ శిక్షణ విమానం కొనాలని లా ఫోంటెయిన్ కమిటీ 1982లో సిఫారసు చేసింది. హాక్ విమానం వాయుసేనలో చేరింది 2008లో. మధ్యలో ఇరవై ఆరేళ్ళు. మిగ్-21 ప్రమాదాలకు కారణాలు ఎన్నో ఉన్నాయి, అన్నిటినీ దీనికి ముడిపెట్టడం న్యాయం కాదు. కానీ ఒక విమానం నుంచి ఇంకోదానికి మారే మెట్టు ఎంత ముఖ్యమో దేశమే గుర్తించిందని చెప్పడానికి ఇది చాలు. 2025 సెప్టెంబర్ 26న మిగ్-21 సెలవు తీసుకుంది. దాన్ని దించిన ప్రతి పైలట్‌కూ, దాని ఇంజను బిగించిన ప్రతి కార్మికుడికీ మనం నమస్కరించాలి.

మరి కొత్త విమానంలో దిగడం ఎలా నేర్చుకోవాలి? నా విద్యార్థులకు చెప్పిన పద్ధతి ఇది.

మొదటి పని, ఎగరకముందే ఆ విమానం పుస్తకం చదివి ఆరు అంకెలు కాగితం మీద రాసుకోవాలి. స్టాల్ వేగం, దిగే వేగం, ఫ్లాప్స్ దించదగిన గరిష్ఠ వేగం, ఇంజను ఆగితే జారే వేగం, పక్కగాలి హద్దు, ఆగడానికి కావలసిన దూరం. పాత విమానం అంకెలు పక్కన రాసి ఏది ఎంత మారిందో గీత గీయాలి. ఆ రోజు బరువుకు వేగం ఎంతో తానే కట్టుకోవాలి.

రెండో పని, ఇంజను వేయకుండా సీట్లో పావుగంట కూర్చోవాలి. విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడు ముందు అద్దంలో కనిపించే దృశ్యమే దాదాపుగా చక్రాలు తాకేటప్పుడు కనిపించే ఎత్తు. దాన్ని కంటికి పట్టించాలి. కళ్ళు మూసుకుని థ్రాటిల్, ఫ్లాప్స్, ట్రిమ్ చేతికి అందాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడో పని, మొదటి ఎగురుడులోనే దిగడానికి తొందరపడకూడదు. మూడు నాలుగు వేల అడుగుల పైకి వెళ్ళి, ఫ్లాప్స్ దించి, దిగే వేగానికి తగ్గి, విమానం ఎలా బరువెక్కుతుందో, స్టాల్ ముందు ఎలా వణుకుతుందో చేతితో తెలుసుకోవాలి. నేల దగ్గర చేయవలసినదంతా నేలకు దూరంగా ఒకసారి చేసి చూడడమన్నమాట.

నాలుగో పని, దిగడం కన్నా ముందు దిగకుండా తిరిగి లేచిపోవడం నేర్చుకోవాలి. దాన్ని గో అరౌండ్ అంటారు. కొత్త విమానంలో శక్తి పెంచగానే ముక్కు ఎంత లేస్తుంది, ఏ పక్కకు లాగుతుంది, ఫ్లాప్స్ ఏ వరుసలో తీయాలి అన్నది ముందే తెలియాలి. 172లో ఫ్లాప్స్ పూర్తిగా దించి, ముక్కు పైకి ఉండేట్టు ట్రిమ్ చేసి ఉన్నప్పుడు ఒక్కసారిగా పూర్తి శక్తి ఇస్తే ముక్కు గట్టిగా పైకి లేస్తుంది. దాన్ని చేతితో అదుపులో పెట్టాలి. మా విద్యార్థులకు నేను పెట్టిన నియమం ఒకటే. నేలకు 300 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, వాలు, రన్‌వే మధ్యగీత, ఈ మూడూ కుదరాలి. ఒక్కటి కుదరకపోయినా లేచిపోవాలి. ఎవరినీ అడగనక్కరలేదు.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట. నేను అసలు చెప్పదలచుకున్నది ఇదే.

నా దగ్గర మన ప్రాంతపు అమ్మాయి ఒకతె నేర్చుకుంది. తండ్రికి చిన్న కిరాణా దుకాణం. 152లో చక్కగా దిగేది. 172కు మారాక సోలో రోజున మొదటిసారి రన్‌వే మీద తేలిపోయింది, లేచిపోయింది. రెండోసారి పక్కగాలికి మధ్యగీత తప్పింది, మళ్ళీ లేచిపోయింది. మూడోసారి మెత్తగా దిగింది. దిగి వచ్చి మొట్టమొదట అడిగిన మాట, "సార్, రెండుసార్లు లేచిపోయాను కదా, అది తప్పు కింద రాస్తారా?" నేను రిపోర్టులో రాసింది, 'నిర్ణయాలు సరైనవి' అని. ఆ సాయంత్రం వాళ్ళ నాన్నగారు ఫోన్ చేశారు. "ఏం సార్, రెండుసార్లు తప్పిందట. ఒక్కో రౌండుకి ఎంత పెట్రోలు కాలుతుందండీ?" అన్నారు. ఆయన మంచివాడే. కూతురి కోసం ఇల్లు కుదువ పెట్టిన మనిషి. ఆయన అడిగినది సహజమే. "అయ్యా, ఆ రెండు రౌండ్ల పెట్రోలే మీ ఖర్చంతటిలో బాగా సద్వినియోగమైన డబ్బు" అని చెప్పాను.

ఎందుకంటే ఇంకో కుర్రవాడి సంగతి నాకు తెలుసు. వేరేచోట, అతనూ విమానం మారిన కొత్తలోనే. ఇంటి దగ్గర నుంచి రోజూ 'ఎన్ని గంటలైంది, ఇంకా ఎంత కావాలి' అని ఫోన్లు. ఆ రోజు వేగం ఎక్కువగా వచ్చాడు, తేలాడు, ఒకసారి ఎగిరిపడ్డాడు. లేచిపోతే సరిపోయేది. ఇంకో రౌండు ఖర్చెందుకని ముక్కు కిందికి తోసి దించాలని చూశాడు. రెండోసారి ఇంకా గట్టిగా ఎగిరి, మూడోసారి ముక్కుచక్రం వంగింది, ప్రొపెల్లర్ రన్‌వేకు కొట్టుకుంది. దేవుడి దయ, అతనికి దెబ్బ తగల్లేదు. కానీ మళ్ళీ సీట్లో కూర్చోవడానికి ధైర్యం రావడానికి నెలలు పట్టింది. ఒక రౌండు ఖర్చు మిగుల్చుకోబోయిన ఫలితం అది.

కాబట్టి మీ పిల్లలు విమానం నేర్చుకుంటున్నా, ఇంజనీరింగు చదువుతున్నా, 'ఇంకా ఎన్నాళ్ళు' అని అడిగేముందు ఒక్క క్షణం ఆగండి. ఈ పిల్లల్లో చాలామంది వచ్చే నెలల్లో ఒడియా మీడియం నుంచో తెలుగు మీడియం నుంచో ఇంగ్లీషు మీడియంకు, రాయగడ నుంచి విశాఖకో భువనేశ్వర్‌కో హైదరాబాదుకో మారతారు. ఇక్కడ 90 శాతం తెచ్చుకున్నవాడికి అక్కడ మొదటి సెమిస్టరులో 50 రావచ్చు. వాడికి తెలివి తగ్గలేదు. సీటు ఎత్తు మారింది, గాలి మారింది. కొత్త అంకెలు రాసుకోవడానికి సమయం ఇవ్వండి. ఒకసారి లేచిపోయి మళ్ళీ వస్తానంటే, 'రా నాన్నా, మళ్ళీ రా' అనండి. ఆ మాట చెప్పగల ఇల్లు వెనుక ఉన్న పిల్లలే సరైన సమయంలో సరైన నిర్ణయం తీసుకోవడం నేను చూశాను.

పిల్లలకు ఒక మాట. పాత విమానం నేర్పినదేదీ వృథా కాదు. స్టాల్ ఎందుకవుతుంది, శక్తి ఎక్కడికి పోతుంది, చూపు ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ మీ వెంట వస్తాయి. వెంట రానివి అంకెలు, అలవాట్లు. ఏది వెంట తీసుకెళ్ళాలో ఏది వదిలిపెట్టాలో తెలుసుకున్నవాడు ఏ విమానంలోనైనా దిగగలడు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. వాణిజ్య పైలట్ లైసెన్సుకు కనీస వయసు 18 ఏళ్ళు, కనీసం 200 గంటల ఎగురుడు కావాలి. విద్యార్థి పైలట్‌గా 16 ఏళ్ళకే మొదలుపెట్టవచ్చు. ప్లస్ టూలో ఫిజిక్స్, లెక్కలు తీసుకోండి. అవి పరీక్ష కోసం కాదు. వర్గమూలం ఎందుకు పనికొస్తుందో ఇందాక చూశారుగా. డబ్బు కట్టకముందే డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర వైద్యపరీక్ష చేయించుకోండి. కంటిలోనో చెవిలోనో ఇబ్బంది ఉంటే ముందే తెలుస్తుంది, ఇల్లు కుదువ పెట్టాక కాదు. స్కూలు ఎంచుకునేటప్పుడు ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, విమానం మారేటప్పుడు శిక్షకుడితో ఎన్ని గంటలు ఇస్తారో స్వయంగా వెళ్ళి కనుక్కోండి. అడగడానికి మొహమాటపడకండి.

 ప్రశ్నలున్న పిల్లలు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి, లెక్క కలిసి కడదాం.